మొండి మరకా... మెషీన్ మాట వింటావా?

ఇల్లు తుడిచే రోబోలు వచ్చేశాయి. నేలను కడిగి, ఆ నీళ్లను తామే పీల్చేసుకునే యంత్రాలూ వచ్చేశాయి. దుమ్మూ ధూళీ సంగతి సరే... రాత్రి ఒలికి, తెల్లారేసరికి ఎండిపోయిన సాంబారు మరక మాటేమిటి? వేలకు వేలు పోసి కొంటున్న ఈ యంత్రాల్లో దాన్ని వదిలించేది ఏది? దాని మీదుగా దర్జాగా వెళ్లిపోయేది ఏది?

తెనాలిలో మా పెద్దమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. వంగి ఇల్లు తుడుచుకోలేకపోతోందని, అమెరికా నుంచి వచ్చిన అన్నయ్య ఓ రోబో కొనిపెట్టి వెళ్లాడు. గుండ్రంగా, పీటంత ఉంటుంది. పొద్దున్నే పాట పాడుతూ బయల్దేరి, గదిగదికీ తిరిగి, ఊడ్చి తుడిచి, మళ్లీ తన గూట్లోకి వెళ్లి కూర్చుంటుంది. వీధిలో వాళ్లంతా వచ్చి చూసి వెళ్లారు. పెద్దమ్మ కూడా ముచ్చటపడింది. నెల తిరక్కుండానే ముచ్చట కాస్తా తీరిపోయింది.

'ఏరా, మీ అన్నయ్య ఇచ్చిన బొమ్మ తిరగడం బాగానే తిరుగుతోంది. వంటింటి గడప దగ్గర సాంబారు మరక మాత్రం అలాగే ఉంది. మూడు రోజుల్నుంచీ దాని మీదే తిరుగుతోంది. ఈసారి నువ్వొచ్చి చూడు' అంది ఫోన్లో.

వెళ్లి చూశాను. నిజమే. అరచేయంత మరక. రోబో వచ్చింది, దాని మీదుగా వెళ్లింది, మరక తడిసి నిగనిగలాడింది. కాసేపటికి ఆరింది. మళ్లీ మామూలే! ఇంతలో పనమ్మాయి వచ్చింది. ఓ గుడ్డ తడిపి మరక మీద పరిచి, అంట్లు తోముకోవడానికి వెళ్లిపోయింది. పావుగంట తర్వాత వచ్చి, అదే గుడ్డతో ఒక్కసారి అలా లాగింది. మరక లేదు!

'దానికి తిరగడమే తెలుసండీ అమ్మగారూ, నానబెట్టడం తెలీదు' అంది నవ్వుతూ.

నేల తుడిచే యంత్రాల గురించి ఎన్ని ప్రకటనలు చదివినా తెలియని అసలు రహస్యం ఆ ఒక్క మాటలో ఉంది. అదేమిటో చూద్దాం పదండి.

ఎండితే ఎందుకంత మొండి?

ఇస్త్రీ చొక్కాకి గంజి పెడతాం కదా. నీళ్లలాంటి గంజి ఎండాక చొక్కా అట్టలా నిలబడుతుంది. నేల మీద పడ్డ అన్నం మెతుకు చేసేదీ ఆ పనే. అందులోని పిండిపదార్థం తడిగా ఉన్నప్పుడు మెత్తగా ఉంటుంది. నీరు ఆవిరైపోగానే బిగుసుకుని నేలను కరుచుకుంటుంది. సాంబారులో పప్పు, పాయసంలో బియ్యం, వాకిట్లోంచి కాళ్లతో తొక్కుకొచ్చిన బియ్యప్పిండి ముగ్గు... అన్నీ ఈ కోవలోవే.

పంచదార మరకలు ఇంకో రకం. టీ, కూల్‌డ్రింక్, జ్యూస్ ఎండితే జిగురుగా అంటుకుంటాయి. కానీ నీళ్లు తగిలితే త్వరగానే కరిగిపోతాయి. పాలు, గుడ్డు, పెరుగు లాంటివి మాంసకృత్తుల మరకలు. వీటికి వేడి తగిలితే ఇంకా గట్టిపడతాయి. గుడ్డు ఉడికితే ఏమవుతుందో తెలుసుగా! నూనె మరకది మరో దారి. కొత్తగా ఉన్నప్పుడు సబ్బు నీళ్లకు లొంగుతుంది. పొయ్యి పక్కన నెలల తరబడి ఉండిపోతే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి బంకలా మారుతుంది. అప్పుడిక మామూలు నీళ్లకు కదలదు.

ఇక బోరు నీళ్లు ఆరితే పడే తెల్లటి మచ్చలు. ఇవి నిజానికి మరకలు కావు, నీళ్లలోని సున్నం పొరలు. వీటి మీద మామూలు మాప్‌తో ఎంత తిప్పినా శ్రమే మిగులుతుంది.

వీటన్నిటినీ వదిలించడానికి ఒకటే సూత్రం ఉంది. దాన్ని 1959లో జర్మనీకి చెందిన హెర్బర్ట్ సిన్నర్ ఓ వృత్తంగా గీసి చూపించాడు. శుభ్రం చేయడమనే పనికి నాలుగు కావాలన్నాడు ఆయన. మందు (అంటే సబ్బు, ద్రావణం), రుద్దుడు, వేడి, సమయం. వీటిలో ఏ ఒక్కటి తగ్గినా మిగతావి ఆ లోటు పూడ్చాలి. రుద్దే ఓపిక లేకపోతే ఎక్కువసేపు నానబెట్టాలి. నానబెట్టే తీరిక లేకపోతే వేడినీళ్లో, గాఢమైన మందో వాడాలి. ఇవాళ్టికీ క్లీనింగ్ రంగంలో పనిచేసేవాళ్లకు మొదట నేర్పే పాఠాల్లో ఇదొకటి.

ఇప్పుడు మార్కెట్లో ఉన్న యంత్రాలన్నిటినీ ఈ నాలుగింటితో కొలిచి చూస్తే చాలు, ఏది ఏపాటిదో తేలిపోతుంది.

పీల్చేవి... తిరిగేవి...

ముందుగా వాక్యూమ్ క్లీనర్. 1901లో ఇంగ్లండులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ తయారుచేసిన యంత్రం గుర్రబ్బండి మీద వీధిలో ఆగేది. పొడవాటి గొట్టాలు కిటికీల్లోంచి ఇంట్లోకి వేసి దుమ్ము లాగేవారు. మన దగ్గర మాత్రం 1982లో యురేకా ఫోర్బ్స్ మొదలయ్యాకే ఇది మధ్యతరగతి గడప తొక్కింది. టై కట్టుకుని బెల్లు కొట్టి, మన పరుపు మీది దుమ్మును మనకే చూపించిన సేల్స్‌మన్లు చాలామందికి గుర్తుండే ఉంటారు. దుమ్ము విషయంలో దీనికి తిరుగులేదు. ఎండిన మరక దగ్గర మాత్రం దీని పప్పులుడకవు. నాలుగింటిలో దీని దగ్గర ఉన్నది సున్నా! గాలి లాగుతుందంతే. రోబోల ప్రకటనల్లో 'ఇన్ని వేల పాస్కల్స్' అని పెద్ద అక్షరాలతో వేసే అంకె కూడా ఈ పీల్చే శక్తిదే. నేలను కరుచుకున్న మరకకూ ఆ అంకెకూ సంబంధం లేదు. మరక కోసం కొనేవాళ్లు మోసపోయేది ఎక్కువగా ఇక్కడే.

తర్వాత రోబోలు. 2002లో అమెరికాలో ఐరోబోట్ సంస్థ రూంబాను తెచ్చింది. అది ఊడ్చేది, తుడిచేది కాదు. తుడిచే రోబోలు ఆ తర్వాత వచ్చాయి. వీటిలో ఇప్పుడు ప్రధానంగా నాలుగు రకాలున్నాయి.

మొదటివి తడిగుడ్డను వెనకాల ఈడ్చుకుంటూ పోయేవి. చవకైన రోబోల్లో ఎక్కువ ఇవే. నేల మీది పలుచటి దుమ్ము పొరను తీస్తాయి. ఎండిన మరకను తడుపుతాయి, అంతకుమించి ఏమీ చేయవు. పెద్దమ్మ ఇంట్లో ఉన్నది ఈ రకమే.

రెండోవి గుడ్డను వణికించేవి. నిమిషానికి 3 వేల సార్ల దాకా వణికిస్తామని చెప్పే మోడళ్లు 2021 నుంచీ ఉన్నాయి. టీ, జ్యూస్ మరకలకు ఇవి బాగానే పనిచేస్తాయి.

మూడోవి కింద రెండు గుండ్రటి గుడ్డలను గిరగిరా తిప్పేవి. వేగం నిమిషానికి సుమారు 180 నుంచి 200 చుట్లు. కాస్త నొక్కుతూ తిరుగుతాయి కాబట్టి రుద్దుడు పెరుగుతుంది.

నాలుగోవి రోలర్ రకం. రోడ్డు రోలర్ చక్రంలా అడ్డంగా ఉండే మెత్తటి రోలర్ తిరుగుతూ తుడుస్తుంది. దాని మీద ఎప్పటికప్పుడు మంచినీళ్లు పడుతుంటాయి, మురికినీళ్లను లోపలున్న పట్టీ పిండేస్తుంటుంది. అంటే ఒకచోటి మురికిని ఇంకోచోట పూయడం తక్కువ.

ఇంత చేసినా రోబోలకు రెండు బలహీనతలున్నాయి. ఒకటి బరువు. ఎంత గట్టిగా నొక్కుతుందో కంపెనీలు న్యూటన్లలో చెబుతాయి. 10 న్యూటన్లంటే సుమారు కిలో బరువు పెట్టినట్టు. మనం చేత్తో పీచు పట్టుకుని ఆనించి రుద్దితే పడే ఒత్తిడి దానికి ఎన్నో రెట్లు. రెండోది, అసలైంది... సమయం. రోబో సెకనుకు జానెడు, జానెడున్నర దూరం పోతుంది. మరక మీద అది ఉండేది సెకనో రెండు సెకన్లో! ఎండిన మెతుకు నానడానికి ఆ సమయం ఏ మూలకు? అందుకే ఖరీదైన మోడళ్లలో కెమెరాతో మరకను గుర్తుపట్టి, వెనక్కి వచ్చి మళ్లీ మళ్లీ తుడిచే ఏర్పాటు పెడుతున్నారు. అది నిజంగా పనికొచ్చేదే. తన గూట్లోకి వెళ్లాక వేడినీళ్లతో గుడ్డలు ఉతుక్కునేవీ ఉన్నాయి. కానీ ఆ వేడి చాలావరకు గుడ్డను శుభ్రం చేయడానికే తప్ప మరక దాకా రాదు.

ఇంకో జాగ్రత్త. మరక ఎండకముందే, అంటే పెరుగో సాంబారో అప్పుడే ఒలికి ఉన్నప్పుడు ఊడ్చే రోబోను వదిలితే అంతే సంగతులు. చక్రాలతో, బ్రష్షుతో ఇల్లంతా ముగ్గు వేసి వస్తుంది!

కడిగేవి... కాల్చేవి...

రోబోల కంటే మరకను బాగా లొంగదీసేది నిలబడి నడిపే కడుగుడు యంత్రం. దుకాణాల్లో 'వెట్ అండ్ డ్రై' అంటారు. చూడటానికి నిలువు వాక్యూమ్ క్లీనర్‌లా ఉంటుంది. ముందు రోలర్ నిమిషానికి కొన్ని వందల చుట్లు తిరుగుతుంది. ఒక తొట్టిలోంచి మంచినీళ్లు పడుతుంటే, మురికినీళ్లు వేరే తొట్టిలోకి వెళ్లిపోతాయి. దీని బలం వేగంలో ఒక్కదానిలోనే లేదు, మన చేతిలో ఉంది. మరక కనిపించిన చోట ఆపుతాం. ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు లాగుతాం. నీళ్లు వదిలి ఓ నిమిషం ఆగుతాం. అంటే రోబోకు లేని సమయాన్ని మనం ఇస్తున్నాం. పైగా నేల దాదాపు పొడిగా మిగులుతుంది. పెద్దవాళ్లున్న ఇళ్లలో తడి నేల మీద కాలు జారే భయం తగ్గుతుంది. ఇది చిన్న లాభం కాదు.

లోపాలూ ఉన్నాయి. నీళ్లతో కలిపి నాలుగైదు కిలోల బరువు. మెట్ల మీద మోయలేం. గోడ అంచుల్లో సన్నటి గీత వదిలేస్తాయి కొన్ని. వాడిన ప్రతిసారీ మురికి తొట్టి కడిగి, రోలర్ ఆరబెట్టాలి. రెండు రోజులు బద్ధకించామా, కంపు కొడుతుంది.

ఆవిరి మాప్ దారి వేరు. దీని ఆయుధం వేడి. ఎండిన పంచదార, నూనె జిడ్డు, పిండి మరకలు వేడి ఆవిరికి త్వరగా మెత్తబడతాయి. మందు అక్కర్లేదు. అయితే చాలావాటిలో మురికిని పీల్చే ఏర్పాటు ఉండదు. కరిగిన మురికంతా గుడ్డలోకే వెళ్లాలి. గుడ్డ మార్చకపోతే అదే మురికి పక్కకు పాకుతుంది. పాలు, గుడ్డు మరకల మీద నేరుగా ఆవిరి పెట్టకూడదు. ముందు చన్నీళ్లతో తుడవాలి. చెక్క, లామినేట్ నేలలకు ఆవిరి పడదు. పిల్లలు దగ్గరలో ఉంటే కాలుతుందన్న భయం ఉండనే ఉంది.

మరి బకెట్టుతో వచ్చే స్పిన్ మాప్? దీన్ని తక్కువ అంచనా వేయకండి. రుద్దే బలం మనది, నానబెట్టే ఓపిక మనది, సబ్బు మనది, కావాలంటే వేడినీళ్లూ మనవే. నాలుగూ మన చేతిలో ఉన్నాయి. రోబోలకు వేలకు వేలు పోస్తున్న రోజుల్లో, ఒక్క మరక కోసమే అయితే ఈ బకెట్టు చాలామందికి సరిపోతుంది. దీని లోపం ఒకటే. రెండు గదులు తుడిచేసరికి బకెట్లో నీళ్లు మారిపోతాయి. ఆ తర్వాత తుడిచేది మురికినీళ్లతోనే!

స్టేషన్‌లో పెద్దన్న

ఈ కుటుంబంలో పెద్దన్నను చూడాలంటే రైల్వే స్టేషనుకో విమానాశ్రయానికో వెళ్లాలి. నెమ్మదిగా నడుస్తూ వెళ్లే ఆ పెద్ద యంత్రం పేరు స్క్రబ్బర్ డ్రయ్యర్. కింద గుండ్రటి బ్రష్షులో, గరుకు ప్యాడ్లో తిరుగుతాయి. వెనక వంపు తిరిగిన రబ్బరు వైపర్ ఉంటుంది. అది నీళ్లను పోగుచేస్తే లోపలి మోటారు పీల్చేస్తుంది. ప్యాడ్ల రంగు చూసి వాటి కరుకుదనం చెప్పొచ్చు. ఎరుపు రోజువారీ పనికి. ఆకుపచ్చ గట్టిగా రుద్దడానికి. నలుపు పాత పాలిష్‌ను సైతం ఊడగొట్టడానికి.

ఇంత యంత్రానికీ కొరుకుడుపడనిది ఒకటుంది. పాన్, గుట్కా మరక! వక్క, కాచు, సున్నం కలిసిన ఎర్రటి రంగు అది. అంటే నేల మీద పడేది ఉత్త మురికి కాదు, రంగు. నున్నటి గ్రానైట్ మీద పడితే వదిలించొచ్చు. సిమెంటు మెట్ల మీద, గోడ మూలల్లో, పలకల మధ్య సందుల్లో పడితే లోపలికి ఇంకిపోతుంది. పైపైన రుద్దే ఏ బ్రష్షూ అక్కడికి చేరదు. రైల్వే ప్రాంగణాన్ని పాడుచేసినవారికి రూ.500 వరకు జరిమానా విధించే నిబంధనలు 2012లోనే వచ్చాయి. ఉమ్మేది క్షణంలో. దాన్ని వదిలించాల్సిన పారిశుద్ధ్య కార్మికురాలు ఎంతసేపు వంగి రుద్దాలో ఉమ్మినవాడికి తెలియదు.

ఇంతకీ ఇలాంటి మొండి మరక ఎదురైతే పెద్ద యంత్రాలతో పనిచేసేవాళ్లు ఏం చేస్తారు? రెండుసార్లు నడుపుతారు. మొదటిసారి వైపర్ పైకెత్తి, మందు నీళ్లు చల్లి రుద్దుకుంటూ పోతారు. నీళ్లు పీల్చరు. కొన్ని నిమిషాలు అలాగే వదిలేస్తారు. రెండోసారి రుద్ది, అప్పుడు పీలుస్తారు. అంటే... నానబెడతారు! తెనాలి పనమ్మాయి తడిగుడ్డతో చేసిందీ, స్టేషన్‌లో అంత యంత్రం చేసేదీ ఒకటే.

నేలను బట్టి తీర్పు

ఒకే యంత్రం, ఒకే మరక. అయినా రెండిళ్లలో ఫలితం వేరుగా వస్తుంది. కారణం నేల. విట్రిఫైడ్ పలకలు నీటిని దాదాపు పీల్చుకోవు. మరక పైనే ఉంటుంది కాబట్టి నానితే వచ్చేస్తుంది. పలకల మధ్య సిమెంటు సందులు మాత్రం పీల్చుకుంటాయి. వాటికి పాత టూత్‌బ్రష్షే దిక్కు.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే తాండూరు, కడప బండలు, షాబాద్ బండలు, మార్బుల్... ఇవన్నీ సున్నపురాయి వంశంలోవే. వీటి మీద పసుపు పడితే లోపలికి దిగుతుంది. సబ్బు తగిలితే ఎర్రబడుతుంది కూడా. కంగారుపడకండి, అది పసుపు గుణం. ఎండ తగిలేచోటైతే రోజులు గడిచేకొద్దీ దానంతటదే వెలిసిపోతుంది. ఈ బండల మీద నిమ్మరసం, వెనిగర్, బాత్రూం యాసిడ్ వాడితే మరకతోపాటు రాయి పైపొర కూడా కరుగుతుంది. మెరుపు పోయి, మరక ఉన్నచోట శాశ్వతంగా మచ్చ మిగులుతుంది. మరక పోలేదని మళ్లీ మళ్లీ యాసిడ్ పోసేవాళ్లు వదిలిస్తున్నది మరకను కాదు, బండను!

ఇంకో మాట. బ్లీచింగ్‌నూ యాసిడ్‌నూ ఎప్పుడూ కలపకూడదు. విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. యంత్రాల తొట్టిలోనూ కంపెనీ చెప్పినవి తప్ప వేరే మందులు పోయకూడదు. పైపులు, రబ్బర్లు పాడైపోతాయి.

మోకాలి లెక్క

ఇంత చదివాక 'అయితే యంత్రమెందుకు, తడిగుడ్డ చాలుగా' అనిపించొచ్చు. కానీ ఆ గుడ్డ పట్టుకునేది ఎవరు? మోకాలిచిప్ప ముందుండే నీటితిత్తి వాచే జబ్బొకటి ఉంది. ఇంగ్లిషులో దాని వాడుక పేరు 'హౌస్‌మెయిడ్స్ నీ', అంటే పనమ్మాయి మోకాలు! నేల మీద మోకరిల్లి తుడిచి తుడిచి వచ్చే జబ్బు కాబట్టి ఆ పేరు. ఇంట్లో అమ్మో, నాలుగిళ్లలో పనిచేసే మనిషో రోజూ వంగి తుడిచే నేల విస్తీర్ణాన్ని ఎవరూ లెక్కకట్టరు. ఆ లెక్క మోకాళ్లకు తెలుసు.

అందుకే యంత్రాన్ని మరకతో మాత్రమే తూచకూడదు. రోజువారీ దుమ్మును రోబో చూసుకుంటే మనిషి వంగాల్సింది వారానికి నాలుగు మరకల కోసమే. ఆ నాలుగింటినీ ముందే నానబెడితే మోకాలు ఆనించి రుద్దాల్సిన పనీ ఉండదు. నిలబడి మాప్‌తో లాగేస్తే చాలు.

కొనేముందు ఇలా...

* పీల్చే శక్తి అంకె చూసి మురిసిపోవద్దు. మరకల కోసమైతే గుడ్డ తిరుగుతుందా, ఎంత ఒత్తిడి పెడుతుంది, మరక దగ్గర మళ్లీ తుడుస్తుందా అని అడగండి.

* డెమోలో అప్పుడే ఒలకబోసిన కాఫీని తుడిచి చూపిస్తారు. అది పరీక్ష కాదు. ఇంటికొచ్చి చూపించేవారైతే ముందురోజు రాత్రే ఓ పలక మీద చెంచాడు టీ, చెంచాడు సాంబారు, కాస్త పెరుగు పక్కపక్కనే వేసి ఎండనివ్వండి. ఎన్ని సార్లు తిరిగితే ఏది పోయిందో లెక్కపెట్టండి. తుడిచాక తెల్లటి గుడ్డతో పక్క పలకను రుద్ది చూడండి. మురికి పోయిందో, పక్కకు పాకిందో తెలిసిపోతుంది.

* గుడ్డ, రోలర్, ఫిల్టర్ విడిగా దొరుకుతాయా, ఎంతకు దొరుకుతాయి, బాగుచేసేవాళ్లు మీ ఊళ్లో ఉన్నారా కనుక్కోండి.

* మెతుకులు, సాంబారు, ముగ్గుపిండికి గోరువెచ్చటి నీళ్లతో పావుగంట తడిగుడ్డ. పాలు, గుడ్డుకు చన్నీళ్లు. నూనెకు వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బు. ఎండి గట్టిపడిన ముద్దను నానాక పాత ఏటీఎం కార్డుతో గీకితే బండ గీతలు పడదు.

మొన్న మళ్లీ తెనాలి వెళ్లాను. రోబో పాట పాడుతోంది. బయల్దేరలేదింకా. పెద్దమ్మ చేతిలో పొడుగు కర్ర మాప్. వంటింట్లో ఒకటి, భోజనాల బల్ల కింద ఒకటి... రెండుచోట్ల తడిగుడ్డలు పరిచి ఉన్నాయి. వంగకుండానే మాప్ కర్రతో వాటిని పక్కకు లాగింది.

'ఇప్పుడు వెళ్లవే' అంది రోబోతో.

అది వెళ్లింది. వంటింటి గడప దాటింది. వెనకాలే వెళ్లి చూశాను. మరక లేదు.